ఖాళీ హాల్లో నార్వే ఆయన

ఆయన ఫొటో ఒకటి కావాలని మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో అడిగారు. ఆదివారం సంతాప సభ. పాస్‌పోర్టు సైజు ఫొటో వాళ్ళావిడ ఇచ్చారట. కానీ ఇన్నేళ్ళు సంఘానికి చాకిరీ చేసిన మనిషి, సంఘం పనిలో ఉన్న ఫొటో ఒక్కటైనా తెర మీద వెయ్యకపోతే బాగుండదని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే ఎవరి దగ్గరా లేదు. ఫంక్షన్ల ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి, అన్నీ స్టేజీవే. ఆయన ఎప్పుడూ హాలు వెనకాల, చీకట్లో, సౌండ్ బోర్డు దగ్గర ఉండేవారు. చివరికి ఎవరో వెతికి ఒకటి పంపారు. అందులో ఎవరి పాపో నిద్రపోతోంది, ఓ మూల ఒక మోచెయ్యి కనిపిస్తోంది, ఆ చేతి మణికట్టుకి గాజులా తొడుక్కున్న నల్ల టేపు చుట్ట ఉంది. టేపు చుట్టని బట్టి ఆయనే అని పోల్చుకున్నారు.

ఆయన నిలువెల్లా కనిపించే బొమ్మ ఈ ఊళ్ళో ఒక్కచోటే ఉంది. మా గరాజ్‌లో, పాత క్యామ్‌కార్డర్ టేపులో. అందులో ఆయన నడవలోంచి పరుగెత్తుకుంటూ వస్తుంటారు. గ్రూపులో అడిగినప్పుడు ఆ టేపు సంగతి నాకు వెంటనే గుర్తొచ్చింది, అయినా నా దగ్గరుందని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఒకసారి ఆ పేరుని నా చేత్తో రాసి ఊరందరికీ పంపాను, అది చాలు.

అమెరికాలో మేముండే శాన్ రామన్‌లో మా పిల్లలందరికీ ఆయన ఆడియో అంకుల్. మాకు అన్న. వరంగల్ వైపు మనిషి, మా అందరికంటే పదేళ్ళో పన్నెండేళ్ళో పెద్ద. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్. వారమంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, ఫంక్షన్ ఉన్న శనివారం హాల్లో తప్పులు వెతికేవారు. "ఆడ టెస్టింగే, ఈడ టెస్టింగే" అని ఆయనే నవ్వేవారు.

ఫంక్షన్ నాలుగింటికైతే ఆయన పదకొండింటికే హైస్కూలు ఆడిటోరియానికి వచ్చేసేవారు. మామూలుగా మైకు పరీక్షించడమంటే హలో హలో, వన్ టూ త్రీ. ఆయన అలా చేసేవారు కాదు. తీగలన్నీ కలిపాక సంచిలోంచి ఒక సీడీ తీసేవారు. ఎప్పుడూ అదే సీడీ. అట్ట మీద మంచు కప్పిన పొలం, ఒక చెక్క కంచె, అంతే, మనిషన్నవాడు లేడు. నార్వే దేశంలో శాక్సఫోన్ వాయించే ఒకాయన చేసిన ఆల్బమ్ అది. జాజ్ అని అట్ట మీద రాసుంది కాబట్టి జాజ్. ఆఫీసులో ఎవరో రిటైరవుతూ, టేబుల్ సర్దుకుంటూ ఈయన చేతిలో పెట్టారట. ఆ సంగీతం గురించి ఈయనకేమీ తెలియదు, అలాంటిది ఇంకొకటి కొన్నదీ లేదు. వాయించినాయన పేరులో ఒక అక్షరానికి అడ్డంగా గీత ఉండేది. దాన్ని ఎలా పలకాలో తెలియక కొన్నాళ్ళు తంటాలు పడి మానేశారు. తెలియని పేరు ఖరాబు చెయ్యడం మర్యాద కాదని ఆయన వాదన. అందుకని ఆ ఆల్బమ్ పేరు "నార్వే ఆయన" అయింది. "ఆగుండ్రి, నార్వే ఆయన ఇంక రాలే" అనేవారు, కారు పార్క్ చేసి వస్తున్న చుట్టం గురించి చెప్పినట్టు.

ఆ సంగీతం ఎలా ఉండేదో నాకు చేతనైనట్టు చెబుతాను. పాట మొదలయ్యే ముందు ఒక ఊపిరి వినిపిస్తుంది, వాయించే మనిషి గాలి పీల్చుకున్న చప్పుడు. తరవాత శాక్సఫోన్ ఒక స్వరం పట్టుకుంటుంది, దాన్ని వదలడానికి మనసొప్పనట్టు చాలాసేపు పట్టుకునే ఉంటుంది. వెనక పియానో ఎప్పుడో ఒకసారి పలుకుతుంది. డ్రమ్స్ వాయించే ఆయన ఉన్నాడో ఇంటికి వెళ్ళిపోయాడో తెలియదు. మూడో పాట మధ్యలో అందరూ ఆపేస్తారు. సీడీ అయిపోయిందనుకుంటాం. అవదు. కాసేపటికి మళ్ళీ ఆ ఊపిరి వినిపిస్తుంది.

మాకేమో ఉగాది ఫంక్షనంటే కుర్చీలు అదరాలి. మొదటిసారి ఆ సీడీ విన్నప్పుడు "ఎవరు పోయారన్నా?" అన్నాను. డెకరేషన్ కమిటీ వాళ్ళు పడీపడీ నవ్వారు. నవ్వారు కదా అని తరవాత ప్రతి ఫంక్షన్‌కీ అదే మాట అన్నాను. ఆయన కూడా ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

సీడీ పెట్టి ఆయన బోర్డు దగ్గర ఉండేవారు కాదు. మెడ ఒక పక్కకి వాల్చి, ఖాళీ హాల్లో వరస వరసా తిరిగేవారు. ఆఖరి వరసలో మూల కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవారు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి ఏదో ఒక మీటని నువ్వుగింజంత జరిపి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చునేవారు. పాటల ట్రాకులు పట్టుకుని డాన్స్ పిల్లల తల్లులు వరసలో నిలబడి ఉసూరుమంటుండేవాళ్ళు. ఒకసారి నాకు విసుగొచ్చి, ఇంకా ఎంతసేపన్నా అని గట్టిగానే అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చోబెట్టారు. సీడీ మొదటికి తిప్పి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఊపిరి ఇనబడ్డదా తమ్మీ?" అన్నారు.

వినబడిందన్నాను. నిజానికి నేను ఆ టైములో సెల్‌ఫోన్ చూసుకుంటున్నాను.

"ఇనబడలే నీకు. ఇంకోపాలి ఇను" అని లేచి వెళ్ళి మళ్ళీ తిప్పారు. కోపమేమీ లేదు. రెండోసారి విన్నాను. అంత పెద్ద హాల్లో, ఆ మూలకి, ఎక్కడో మంచుదేశంలో ఒక మనిషి ఎప్పుడో పీల్చిన గాలి నా చెవి పక్కనే పీల్చినట్టు వినబడింది.

"గీ ఊపిరి ఈ మూల కుర్చీల ఇనబడితే, ఐదేండ్ల పోరి గొంతు గూడ ఈడ ఇనబడ్తది. గంతే నా లెక్క" అన్నారు. మూడో పాటలో అంతా ఆగినప్పుడు వేలు పైకెత్తి చూపించారు. ఏసీ గుర్రుమంటోంది, స్టేజీ లైటు ఒకటి ఝుమ్మంటోంది. నార్వే ఆయన ఊరుకున్నప్పుడు హాలు మాట్లాడుతుందట, అది కూడా విని దాని నోరు మూయించాలట. ఆ పూట నేను డెకరేషన్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇదంతా ఆయన యాసలోనే చెప్పి నవ్వించాను.

బోర్డు మీద మీటల కింద పొడుగ్గా తెల్ల టేపు అంటించి, దాని మీద తెలుగులో రాసుకునేవారు. "ప్రెసిడెంటు, గట్టిగ మాట్లాడ్తడు." "చిన్నపిల్లలు." "వేలాడే మైకులు." ఈ వేలాడే మైకులు స్టేజీ మీద పైనుంచి దిగి ఉంటాయి, నాటికలప్పుడే తెరుస్తారు, మిగతా సమయంలో వాటి నోరు నొక్కి ఉంచుతారు. ఏ మీట ఎక్కడుండాలో పెన్సిలుతో గీత ఉండేది. ఆయన భోజనం అల్యూమినియం కాగితం చుట్టి యాంప్లిఫయర్ మీద పెట్టుకునేవారు, ఆ వేడికి చల్లారకుండా ఉంటుందని. అందరూ తిని చేతులు కడుక్కున్నాక ఆయన పులిహోర విప్పేవారు. ఇక కేబుల్స్. ఎవరైనా సాయం చేద్దామని మోచేతికి చుడితే ప్రాణం విలవిల్లాడిపోయేది. "తాడు గాదు తమ్మీ అది" అని తీసుకుని, చుట్లన్నీ విప్పి, మళ్ళీ మొదటినుంచీ చుట్టేవారు.

ఆయనది ఒకటే నియమం. కొత్త కమిటీ వచ్చిన ప్రతిసారీ అందరినీ బోర్డు దగ్గరికి పిలిచి చెప్పేవారు.

"బోర్డు ఎవ్వరు ముట్టద్దు. ముట్టిన్రా, ఏం గాదు, ముట్టిన అని నాకు జెప్పుండ్రి. సరి జేస్కుంటం. చెప్పకుంటెనే కష్టం."

అది మా అందరికీ ఊతపదమైపోయింది. ఇళ్ళల్లో టీవీ రిమోట్ దగ్గరా, ఆఫీసులో ఎవరి కోడ్ ఎవరైనా మార్చినప్పుడూ "ముట్టిన్రా, జెప్పుండ్రి" అనుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ అనుకరణలో నన్ను మించినవాడు లేడు. ఒకసారి మా ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో సమోసా ప్లేటు చేత్తో పట్టుకుని, మెడ వాల్చి, గోడకి చెవి ఆనించి, తరవాత ఫ్రిజ్‌కి చెవి ఆనించి, ఊపిరి ఇనబడ్డదా అని ఫ్రిజ్‌ని అడిగాను. నవ్వలేక కొందరు కూలబడ్డారు. కాసేపటికి నవ్వు సన్నబడింది. తిరిగి చూస్తే గరాజ్ తలుపు దగ్గర చేతిలో గిన్నెతో ఆయన నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆయనా నవ్వారు. గిన్నె బల్ల మీద పెట్టి, "ఫ్రిజ్ జర ఎక్కువ మోగుతున్నది తమ్మీ, కింద అట్టముక్క పెట్టు" అన్నారు. మర్నాడు పెట్టాను. మోత ఆగిపోయింది. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు.

ఇక ఆ ఉగాది సంగతి. లేఆఫ్‌ల ఏడాది అది. నేను కల్చరల్ సెక్రటరీని. మరుసటేడు ప్రెసిడెంటు నేనేనని నలుగురూ అనుకుంటున్నారు, నేను ఇంకా గట్టిగా అనుకుంటున్నాను. ఇండియా నుంచి ముఖ్య అతిథిని పిలిపించాం. మొదటి వరసలో ఆ ఏటి స్పాన్సర్, ఇళ్ళు అమ్మే ఆయన, కుటుంబంతో కూర్చున్నాడు. అతిథి ఉపన్యాసం అవగానే మా అమ్మాయి పాట. దానికప్పుడు పదేళ్ళు. సన్నటి గొంతు. ఒక చిన్న కీర్తన ఆర్నెల్లపాటు నేర్చుకుంది. పొద్దున ఖాళీ హాల్లో దానిచేత రెండు లైన్లు పాడించుకుని ఆయన నా దగ్గరికొచ్చి, పాప గొంతు సన్నగున్నా మంచిగున్నదని, తను చూసుకుంటానని, ఆఖరి కుర్చీ దాకా తీసుకుపోతానని చెప్పారు. నేను సరే అన్నాను. అలాంటి మాట ఒక తండ్రికి ఎంత పెద్ద మాటో అప్పుడు తట్టలేదు.

అతిథి మెల్లగా మాట్లాడే మనిషి. స్పాన్సర్ రెండుసార్లు వెనక్కి తిరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టి నాకేసి చూశాడు. బోర్డు దగ్గర ఆయన లేరు. పాట తరవాత వచ్చే నాటిక పిల్లలకి చొక్కా మైకులు తగిలించడానికి స్టేజీ వెనక్కి వెళ్ళారు, పది నిముషాల్లో వస్తానని నాకు చెప్పే వెళ్ళారు. పది నిముషాలు ఆగలేకపోయాను. స్పాన్సర్ మూడోసారి తిరిగి చూసే లోపల బోర్డు దగ్గరికెళ్ళాను. మెడలో క్యామ్‌కార్డర్ ఉంది, లెన్సు మూత తీసి బోర్డు అంచున పెట్టాను. ఒకచోట రెండు చిన్న ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. ఎర్ర లైటంటే ఏదో తేడా ఉన్నట్టే కదా అనుకుని రెండూ నొక్కాను. ఆరిపోయాయి. కింద ఏం రాసుందో చదవలేదు. అన్నిటికంటే చివర ఉన్న పెద్ద మీట పైకి తోశాను. అతిథి గొంతు ఖంగుమంది. స్పాన్సర్ తిరిగి చూసి బొటనవేలు చూపించాడు. ఘనకార్యం చేసినవాడిలా నడవలోకి వచ్చి, పాప పాట తియ్యడానికి కెమెరా సిద్ధం చేసుకున్నాను.

మా అమ్మాయి వచ్చింది. నమస్కారం చేసింది. నోరు తెరిచింది.

ఆ చప్పుడు నేను వర్ణించలేను. పైన వేలాడే మైకులన్నీ ఒక్కసారి గొంతెత్తి కీచుమన్నాయి. జనం చెవులు మూసుకున్నారు. పసిపిల్లలు గుక్కపట్టారు. అతిథి కుర్చీలోంచి లేచిపోయాడు. మా అమ్మాయి రెండు చేతులూ చెవులకి పెట్టుకుని అక్కడే నిలబడింది. నా కెమెరాలో పక్క తలుపు తెరుచుకుంది, ఆయన రెండు చేతులూ ముందుకి చాచుకుని పరుగెత్తుకుంటూ నా ముందునుంచే వెళ్ళారు. చప్పుడు ఆగింది. ఆయన బోర్డుని కాసేపు చూస్తూ నిలబడ్డారు. తరవాత తలెత్తి హాలంతా చూశారు. నేను కెమెరా స్టేజీ వైపు తిప్పేశాను. స్టేజీ మీద ఎవరూ లేరు.

ఆ ఎర్ర లైట్లేమిటో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది, వేలాడే మైకుల నోరు నొక్కి ఉంచిన గుర్తులవి. నాలుగడుగులు వేసి, అన్నా ముట్టింది నేనే అంటే అయిపోయేది. సరి చేసుకునేవాళ్ళం, పాప మళ్ళీ పాడేది. ఆయన నియమంలో దానికి శిక్షంటూ ఏమీ లేదు. నేను వెయ్యలేదు.

ఇంట్లో మా ఆవిడ వారం రోజులు ఆయన్ని తిట్టింది. ఆర్నెల్ల కష్టం బూడిదపాలు చేశాడని, చెవులు పనిచెయ్యని మనిషికి మైకులెవరిచ్చారని, ఆ ఏడుపు సీడీ మీదున్న శ్రద్ధ మన పిల్ల మీద లేకపోయిందని. నేను పెరుగన్నం కలుపుకుంటూ విన్నాను. ఒకరోజు "పోనీలే పాపం, పెద్దాయన" అన్నాను కూడా. ఆయన చెయ్యని తప్పుకి నేను ఆయన్ని క్షమించాను. రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, కానీ అన్నది అన్నాను.

తరవాతి శనివారం కమిటీ మీటింగ్, ఒకరింట్లో. స్పాన్సర్ ఫోన్లు చేస్తున్నాడని ప్రెసిడెంటు చెప్పాడు. ఏమైందని ఆయన్ని అడిగారు. ఆయన చేతిలో టీ కప్పు పట్టుకుని, మామూలుగా చెప్పారు.

"నేను పెట్టిన కాడ అది లేదు. ఎవరన్న ముట్టిన్రా?"

ఒక్కసారే అడిగారు. ఎవరికేసీ ప్రత్యేకంగా చూడలేదు. నేను తల దించుకుని ల్యాప్‌టాప్‌లో రాస్తున్నాను, మీటింగ్ మినిట్స్ రాయడం నా పని. అంతకుముందు రాసిన లైన్లే మళ్ళీ టైపు చేస్తూ కూర్చున్నాను. ఆఖరికి నిర్ణయాల కింద రాశాను: ఆడియో వైఫల్యానికి కారణం వాలంటీరు పొరపాటు, ఇకపై ప్రొఫెషనల్ డీజేని పెట్టుకోవాలి. వాలంటీరు పేరు కూడా రాశాను. అది ఈమెయిల్‌లో సంఘంలో అందరికీ వెళ్ళింది. ఆయన నాకొక్కడికే జవాబిచ్చారు. "ఓకే తమ్మీ. కేబుల్స్ శనివారం తెచ్చిస్త."

తెచ్చారు. పై గదిలో కిటికీలోంచి ఆయన వ్యాన్ ఆగడం చూశాను. పాపని తలుపు తియ్యమని కేకేసి, నేను కిందికి దిగలేదు. ఆఫీసు కాల్‌లో ఉన్నానని చెప్పమన్నాను. కింద గుమ్మంలో ఆయనా మా అమ్మాయీ చాలాసేపు మాట్లాడుకోవడం వినిపించింది, మాటలు తెలియలేదు. వెళ్ళాక దిగి చూస్తే డబ్బాల్లో కేబుల్స్, ఒక్కొక్కటీ చక్కగా చుట్టి, పొడుగెంతో ఏ హాలుకి సరిపోతుందో టేపు మీద రాసి ఉన్నాయి. ఆ వారంలోనే లెన్సు మూత కెమెరా సంచి జేబులో దొరికింది. ఉగాదినాటి నుంచి అది కనబడలేదు. మా ఆవిడ తీసిపెట్టుంటుందనుకున్నాను.

మరుసటేడు నేను ప్రెసిడెంటునయ్యాను. డీజే వచ్చాడు. కుర్చీలు అదిరాయి. చిన్నపిల్లల పాటలు ఎవరికీ వినపడలేదు, ఎవరూ పట్టించుకోలేదు. మా అమ్మాయి మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. మిడిల్ స్కూల్లో బ్యాండ్‌లో చేరతానని, వాళ్ళమ్మ వయొలిన్ అంటుంటే వినకుండా శాక్సఫోన్ తీసుకుంది. పిల్లల ఇష్టాలు ఇంతేలే అనుకున్నాను.

ఆయన మానెయ్యలేదు. ప్రతి ఫంక్షన్‌కీ వచ్చేవారు. ఆఖరి వరసలో మూల కుర్చీలో కూర్చునేవారు. భోజనాల లైన్లో నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. నా వెనకున్న మా అమ్మాయి తల మీద చెయ్యి వేసి చదువు సంగతి అడిగేవారు. తరవాత నాకేసి తిరిగి, మెల్లగా, "ఏమన్న చెప్పేదున్నదా తమ్మీ?" అనేవారు.

"ఏం లేదన్నా, అంతా బానే ఉంది" అనేవాణ్ణి. కుశల ప్రశ్న కిందే లెక్క వేసుకున్నాను. వాళ్ళ వైపు అలా పలకరిస్తారేమో అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. ఆయన సరే అన్నట్టు తలూపి వెళ్ళి లైన్లో చివర నిలబడేవారు.

ఆరేళ్ళు అలా గడిచాయి. ఈ వసంతంలో గుండె ఆగి పోయారు. మాజీ ప్రెసిడెంటుగా రెండు నిముషాలు మాట్లాడమని నన్ను అడిగారు. నిస్వార్థ సేవ, అంకితభావం, తెరవెనక మనిషి అని అరపేజీ రాసి చదువుకుంటే రోత పుట్టింది. శనివారం గరాజ్‌లో ఆ టేపు వెతికి, పాత కెమెరాకి ఛార్జరు పెట్టి, దాని అరచేతంత తెర మీద చూశాను. ఆయన పరుగెత్తుకొస్తున్నారు. ఆ ముఖంలో హాలంతా చూస్తోందన్న సిగ్గు లేదు, తన పేరు పోతుందన్న భయం లేదు. స్టేజీ మీద చెవులు మూసుకున్న పిల్లకేసే వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పరుగెత్తుతున్నారు.

ఆదివారం సభలో మైకు ముందు నిలబడి చెప్పాను. ఆ ఉగాదినాడు బోర్డు ముట్టింది నేను, ఆయన తప్పు ఏమీ లేదు, అడిగినప్పుడు నోరు మెదపలేదు, పైగా ఆయన పేరే రాసి అందరికీ పంపాను అన్నాను. ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. హాల్లో సగంమంది కొత్తవాళ్ళు. పాతవాళ్ళకి గుర్తు లేదు. ఒకాయన పక్కాయన్ని "ఏ ఉగాది?" అని అడగడం నాకు మైకు దగ్గరికి వినబడింది. కొందరు చప్పట్లు కొట్టారు. సభ నడిపే కుర్రాడు, చాలా హృదయానికి హత్తుకునేలా చెప్పారు సార్ అని మైకు తీసుకున్నాడు. మా ఆవిడ మాత్రం తల ఎత్తలేదు. దిగి వదిన దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. ఆమె "తిన్నరా?" అని అడిగింది.

నిజం చెప్పొద్దూ, పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి నాకు తేలిగ్గా అనిపించింది. చెప్పేశాను కదా అనిపించింది. మా ఆవిడ వదినకి సాయంగా ఉండిపోయింది. అమ్మాయికి ఈ ఏడే లైసెన్స్ వచ్చింది, నేను డ్రైవ్ చేస్తానంది. కారెక్కి, బ్యాగ్‌లోంచి ఒక సీడీ తీసి పెట్టింది. అట్ట మీద మంచు పొలం, చెక్క కంచె. అడిగే లోపలే ఆ ఊపిరి వినబడింది.

"నాన్నా, నాకు తెలుసు" అంది, రోడ్డుకేసి చూస్తూ. "నువ్వు బోర్డ్ దగ్గర ఉన్నావ్. నేను స్టేజ్ సైడ్‌లో నించొని నిన్నే చూస్తున్నా, కెమెరా ఆన్ చేశావా లేదా అని."

కేబుల్స్ తెచ్చిన రోజు గుమ్మంలో అంకుల్‌కి ఆ మాట తనే చెప్పిందట. మా నాన్నే టచ్ చేశాడు, మీరు కాదు అని. ఆయన జేబులోంచి లెన్సు మూత తీసి దాని చేతిలో పెట్టారట. సంచిలో పెట్టెయ్, నాయినని అడగకు అన్నారట. ఇక తనకి హాల్లో పని లేదు కదా అని సీడీ కూడా దానికే ఇచ్చేశారట.

"ఏమన్నారు?" అన్నాను.

అది ఆయన మాటని ఆయన యాసలోనే చెప్పింది. నేను నవ్వించడానికి పట్టిన యాస, అది దాచుకోవడానికి పట్టింది. దాని అమెరికా నాలిక మీద ఆ మాటలు నెమ్మదిగా, ఒక్కొక్కటే వచ్చాయి.

"నాకెర్కే బిడ్డా. మీ నాయిన మంచోడే. ఆయనే చెప్తడు. ఆయన చెప్పేదాంక నువ్వు చెప్పకు."

ఎప్పుడు చెబుతాననుకున్నారో అడిగావా అన్నాను. అడిగిందట. వచ్చే ఫంక్షన్ లోపల చెప్తడు అన్నారట. ఆ ఫంక్షన్‌లో అడిగితే, ఇంక చెప్పలే బిడ్డా, చెప్తడు అన్నారట. ఆ తరవాత ఫంక్షన్‌లోనూ అంతేనట.

మూడో పాటలో అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని నేను ఆపడానికి చెయ్యి చాపాను. "టచ్ చెయ్యకు నాన్నా, ఇంకా ఉంది" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. భోజనాల లైన్లో ఆయన నన్ను ఏమన్న చెప్పేదున్నదా అని అడిగిన ప్రతిసారీ, ఏం లేదన్నా అన్నాను. ప్రతిసారీ మా అమ్మాయి ప్లేటు పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది.